నాలుగడుగుల ఘాట్ సెక్షన్

తలుపు మెల్లిగా తోయండి. ఫ్యాను మాత్రం వేయొద్దు. లూప్ లైను మీద ఇప్పుడే పొడి కంకర చల్లాను, ఇంకా జిగురు పెట్టలేదు. కొంచెం గాలి తగిలినా చెదిరిపోతుంది. ఆ ముక్కాలిపీట ఇటు లాక్కుని కూర్చోండి. ఇంకా కిందికి వంగండి. గడ్డం బల్లకి ఆనేదాకా. మీ కళ్ళు పట్టాలతో సమానంగా రావాలి. పైనుంచి చూస్తే ఇది పిల్లల ఆటవస్తువు. ఇలా చూస్తే స్టేషను.

రాత్రి పదిన్నర అయింది. విశాఖపట్నంలో మా ఇంటి మధ్యగది ఇది. భోగికి ఇంకా నాలుగు రోజులుంది. ఎదురుగా గోడ వారన అమ్మ బొమ్మల కొలువుకి ఐదు మెట్లు కట్టి దుప్పటి పరిచింది. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇంకా పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. మెట్ల పక్కన ఏటా ఒక పార్కు పెడుతుంది అమ్మ. పళ్ళెంలో మట్టి పోసి రాగులు చల్లితే, పండగనాటికి పచ్చగా లేస్తాయి. ఆ పచ్చిక మీద ఆవులు, బావి, గుడి, చుట్టూ తాళం తిప్పితే తిరిగే రేకు రైలు. పోయిన ఏడాది కనుమనాడు ఆ రైలు స్ప్రింగు తెగింది. దసరా అయ్యాక ఒకరోజు అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని, "ఈసారి రైలు లేకపోతే కొలువు బోసిపోద్ది రా" అంది. మర్నాడే ప్లైవుడ్ కొట్టుకి వెళ్ళాను.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చెక్క. కింద బీడింగు కొట్టించాను, లేకపోతే ఏడాదికల్లా వంగిపోతుంది. స్కేలు ఎన్. అంటే అసలుదానిలో 160వ వంతు. మనిషి సెంటీమీటరు కంటే ఒక వెంట్రుక ఎత్తు. రెండు పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. నిజానికి మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం పదిన్నర ఉండాలి. బజార్లో దొరికే పట్టా విదేశాల్లోని 1435 గేజికి తగ్గట్టు చేసింది. తేడా ఒకటిన్నర మిల్లీమీటరే, ఎవరికీ కనపడదులే అనుకున్నాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని మొదటి చూపులోనే అడిగింది: "పట్టాలు దగ్గరదగ్గరగా ఉన్నాయేంట్రా, మీటర్ గేజా?"

అమ్మ ముప్ఫై ఏళ్ళు రైల్వే క్వార్టర్లలో కాపురం చేసింది. నాన్న పాయింట్స్‌మన్. ఎక్కువ కాలం కొత్తవలస–కిరండూల్ లైనులోనే, కొండ మీది స్టేషన్లలో పనిచేశారు. మా వైపు అందరూ కేకే లైను అంటారు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపానుకి ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన దారి అది. కొత్తవలస దాటాక అనంతగిరి కొండలు ఎక్కి, బొర్రా గుహల మీదుగా అరకు చేరి, ఒడిశా దాటి బస్తర్‌లోకి పోతుంది. 58 సొరంగాలు. శిమిలిగూడ దగ్గర సముద్ర మట్టానికి 996 మీటర్ల పైన ఉంటారు మీరు. నేను కట్టింది ఆ దారిలోని ఏ స్టేషనుకీ నకలు కాదు. రెండు సొరంగాల మధ్య, ఒక లోయ పక్కన, ఆ కొండల్లో ఎక్కడైనా ఉండగలిగే ఒక చిన్న స్టేషను.

సొరంగాలు ఎందుకంటే, అవి లేకపోతే నా బల్ల మీద రైలు తిరగదు. మన బ్రాడ్ గేజ్‌లో వేయనిచ్చే అతి బిగుతైన వంపు 10 డిగ్రీలు. దాని వ్యాసార్ధం 175 మీటర్లు. 160తో భాగించండి, 109 సెంటీమీటర్లు వస్తుంది. అంటే రైలు ఒక్కసారి వెనక్కి తిరగాలంటే ఏడడుగుల పైన వెడల్పు కావాలి. నాకున్నది రెండడుగులు. నేను వేసింది 249 మిల్లీమీటర్ల వంపు, నిజం కొలతలో 40 మీటర్లు. పెద్ద పెట్టె ఏదీ అక్కడ తిరగలేదు. అంత అబద్ధాన్ని బయట పెట్టుకోలేం కదా. అందుకే రెండు వైపులా వంపులు సొరంగాల్లోకి వెళ్ళిపోయాయి, వెనక దారి మొత్తం కొండ కింద దాగింది. మీకు కనిపించేది ముందువైపు రెండడుగులే. ఆ రెండడుగుల్లో అబద్ధం లేకుండా చూసుకున్నాను.

ఒక తప్పు చేసి నెల రోజులు పోగొట్టుకున్నాను. ఘాట్ లైను అనగానే పట్టా ఎక్కాలనుకున్నాను. చెక్క ముక్కలు ఒకదానికంటే ఒకటి ఎత్తుగా కోసి, వాటి మీద పట్టా లేపాను. కేకే లైను ఎక్కుడు 60కి 1. ఒక దారి మీదుగా ఇంకో దారి పోవాలంటే కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. 60కి 1 చొప్పున 5 సెంటీమీటర్లు ఎక్కడానికి 3 మీటర్లు, మళ్ళీ దిగడానికి 3 మీటర్లు. నా చుట్టు మొత్తం పొడవు 2 మీటర్ల 76 సెంటీమీటర్లు. సరే, నిటారుగా లేపుదామంటే ఇంజను సగం దాకా వచ్చి, చక్రాలు తిరుగుతూ ఉన్నచోటే నిలబడిపోయింది. ఎన్ని రకాలుగా మార్చినా అంతే. ఒకరోజు విసుగొచ్చి అన్నీ పీకేసి కింద కూర్చుంటే, నాన్నతో బ్రేకు వ్యానులో వెళ్ళిన ఒక పొద్దున గుర్తొచ్చింది. కిటికీలోంచి చూస్తే నాకు బండి ఎక్కుతున్నట్టు తెలియలేదు. నేల కిందికి జారిపోతున్నట్టుంది. చెట్ల మొదళ్ళు పోయి కొమ్మలు, కొమ్మలు పోయి చిటారు ఆకులు, ఆ తర్వాత ఉత్త గాలి.

పట్టాని ఎత్తనక్కర్లేదు, నేలని దించితే చాలు. అయిదేసి సెంటీమీటర్ల మందమున్న రెండు థర్మాకోల్ షీట్లు చెక్క మీద అంటించి, పట్టాని వాటి మీద సమంగా పరిచేశాను. తర్వాత కత్తి తీసుకుని కుడివైపు లోయ కోశాను. అదుగో, వంతెన కింద. లోతు 10 సెంటీమీటర్లు, అంటే 16 మీటర్లు. పట్టా ఎక్కడా ఒక్క మిల్లీమీటరు కూడా లేవలేదు. అయినా మీ కళ్ళు వంతెన మీద పెట్టి చూడండి, కొండ ఎక్కి వచ్చినట్టు లేదూ?

థర్మాకోల్‌తో ఒక జాగ్రత్త. థిన్నరు కలిసిన రంగులూ, ఘాటు వాసన వేసే రబ్బరు జిగుర్లూ దాన్ని తినేస్తాయి. నీళ్ళలో కలిసే తెల్ల జిగురే వాడాలి.

కొండ అమ్మది. నేను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొనడానికి బయల్దేరితే ఆపేసి, పాత దినపత్రికలు నానబెట్టింది. మూడో రోజు మెంతులు నానేసి రుబ్బి, ఆ కాగితపు గుజ్జులో కలిపింది. వెనకటికి చేటలకీ బుట్టలకీ ఇదే పూసేవారు. పురుగు పట్టదు, ఎండితే రాయిలా బిగుస్తుంది, బరువుండదు. ముద్దని థర్మాకోల్ మీద అరచేత్తో ఒత్తుతూ, బొటనవేలితో లోపలికి నొక్కుతూ పోయింది. ఆ సొరంగం పైన గాళ్ళు చూడండి. వాన నీరు దిగిన చారల్లా ఉన్నాయే, అవి అమ్మ బొటనవేలి గుర్తులు. దగ్గరికి వెళ్ళి వాసన చూడండి. రెండు నెలలైనా మెంతుల చేదు వాసన పోలేదు.

చెట్లు బీరకాయ పీచువి. ఆకుపచ్చ రంగులో ముంచి, చిన్న తుంపులుగా విరిచి, కొబ్బరి ఈనెకి గుచ్చాను. ఆ నిటారుగా ఉన్నవి సిల్వర్ ఓక్‌లు, కింద కాఫీ తోట. కాఫీ పొదలు మాత్రం రంపపు పొట్టు, రంగు వేసింది. కరెంటు స్తంభాలు కూడా ఈనెలే. తీగ చేపల గేలానికి కట్టే సన్నటి నైలాను దారం.

ఇప్పుడు మీకు పని. ఈ సీసాలోది అరచేతిలో కొంచెం పోసుకోండి. కంకర. నిజం లైనులో కంకర రాయి 65 మిల్లీమీటర్లకి మించకూడదు, 20కి తగ్గకూడదు. మన లెక్కలో పెద్ద రాయి 0.4 మిల్లీమీటరు. గోధుమరవ్వ కూడా ఇక్కడ బండరాళ్ళలా కనిపిస్తుంది. ఇది క్రషర్ దగ్గర తెచ్చిన రాతి పొడి. టీ వడపోసే జాలీలో జల్లించి, దిగినదాన్ని నాన్న పాత నూలు పంచెలో మూటగట్టి విదిలించాను. పంచెలోంచి రాలిన దుమ్ము పారబోశాను. జాలీకీ పంచెకీ మధ్య మిగిలినదే మీ చేతిలో ఉంది.

దాన్ని ఆ కాగితం మీద పోసి, కింది నుంచి ఈ అయస్కాంతం మెల్లిగా నడపండి. నాలుగు నల్ల నలుసులు నడిచి వస్తున్నాయి చూశారా? వాటిని ఊదేయండి. ఈ పని నేర్చుకోవడానికి నాకు ఒక ఇంజను దాదాపు పోయింది. మొదట్లో బీచి ఇసుక తెచ్చి వేశాను. ఇంటికి దగ్గర, సన్నగా ఉంటుంది, డబ్బు పెట్టక్కర్లేదు. మన తీరంలో ఇసుక మీద నల్లటి చారలు చూసే ఉంటారు. అవి ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువు ఖనిజాలు. మాగ్నటైట్ అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఇంజను మోటారులో ఉన్నది అయస్కాంతమే. మూడో రోజుకల్లా సన్నటి తుమ్మెద రొదలా ఉండే మోటారు గొంతు గరగరలాడింది. నాలుగో రోజు వంతెన దగ్గర ఆగిపోయింది. మూత విప్పి భూతద్దం పెడితే, మోటారు చుట్టూ నల్లటి ఇసుక మీసాలు మొలిచినట్టు నిక్కబొడుచుకుని ఉంది. టూత్‌బ్రష్షుతో, మైనపు ముద్దతో ఒక్కొక్క రేణువూ తీశాను. తర్వాత అంటించిన ఇసుకంతా తడిపి, స్లీపరు తర్వాత స్లీపరు గీక్కుంటూ రావడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఇక లూప్ లైనులో మిగిలిన చోట చల్లండి. చిటికెడు తీసుకుని, ఉప్పు వేసినట్టు. పట్టాల మధ్య ముందు, తర్వాత రెండు పక్కలా. ఈ మెత్తటి కుంచె పడుకోబెట్టి లాగండి, స్లీపర్ల మీదది జారి సందుల్లోకి పోతుంది. పట్టా లోపలి అంచుకి ఒక్క రేణువు కూడా ఆనకూడదు. అక్కడ చక్రం అంచు నడవాలి. పట్టాలు చీలే పాయింటు దగ్గర ఆగండి, అది నేను చేస్తాను. ఆ కదిలే నాలుక కింద ఒక గింజ ఇరుక్కున్నా పాయింటు పూర్తిగా పడదు, బండి దిగిపోతుంది.

ఇప్పుడు నీళ్ళు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపాను, లేకపోతే నీటి బొట్టు కంకర మీద ముత్యంలా నిలబడి రాళ్ళని దొర్లించుకుపోతుంది. ఈ స్ప్రే సీసా దూరంగా పట్టుకుని పైకి కొట్టండి, మంచులా దిగాలి. రంగు ముదిరింది కదా, చాలు. ఇదుగో ఇంకు ఫిల్లరు. సగం ఫెవికాల్, సగం నీళ్ళు. పట్టాల మధ్య ఒక్కో బొట్టూ ఆనించి వదలండి. చూడండి, తెల్లటి పాలు రాళ్ళ కిందికి తమంతట అవే పాకుతున్నాయి. ఆరితే ఏ మెరుపూ మిగలదు. పొద్దున్నకి వేలితో రుద్దినా కదలదు.

అది ఆరనివ్వండి. మెయిన్ లైను ఎప్పుడో గట్టిపడింది, దాని మీద నడుపుదాం.

ఇవి ఖనిజం వ్యాగన్లు, ఆరు. ఒక్కోటి ఆరున్నర సెంటీమీటర్ల పైన. లోపల ఉన్నది జాజు. అమ్మ తులసికోటకి పూసే జాజే. మొదట ఎర్రటి రంగు డబ్బా కొన్నాను, పూస్తే ప్లాస్టిక్ బొమ్మలా మెరిసింది. అప్పుడు అమ్మ గూట్లోంచి జాజు పొట్లం తీసి ఇచ్చింది. తర్వాత తెలిసింది, జాజుకి ఎరుపు ఇచ్చేది హెమటైట్. బైలదిల్లాలో తవ్వేదీ హెమటైటే. గడ్డగా ఉన్నప్పుడు ముదురు ఉక్కు రంగులో ఉంటుంది, గీసినా నూరినా ఎర్రగా పొడి రాలుతుంది. అందుకని నల్లటి రాతి నలుసులు ముందు అంటించి, పైన జాజు దులిపాను. వ్యాగన్ల పక్కలకి పొడి కుంచెతో అద్దాను. ఘాట్ మీద మేమున్న క్వార్టర్లో తీగ మీద ఆరేసిన తెల్ల చొక్కాలకి సాయంత్రానికి ఈ రంగే పట్టేది. ఒకసారి వేలితో తాకండి. మీ వేలికి అంటిన ఎరుపు ఆ చొక్కాల మీదిదే.

రైలు నమూనాల మీద దుమ్మునీ తుప్పునీ శ్రద్ధగా చూపించినవాళ్ళలో అమెరికాలోని జాన్ అలెన్ పేరు ముందు చెప్పాలి. కాలిఫోర్నియాలో మాంటెరీలోని తన ఇంట్లో ఏళ్ళ తరబడి కొండలూ లోయలూ కట్టుకుంటూ పోయాడు. 1973 జనవరిలో ఆయన పోయాడు. పది రోజులకే నిప్పంటుకుని ఆ రైల్వే కాలిపోయింది. ఆయన తీసిన ఫొటోలు మిగిలాయి. ఆ ఇంజన్ల మీది మసిని నేను ఎన్నో రాత్రులు చూస్తూ కూర్చున్నాను.

కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 12 వోల్టులు, ఒక పట్టాకి ప్లస్, ఇంకో పట్టాకి మైనస్. ఇంజను చక్రాల ద్వారానే మోటారుకి అందుతుంది. పట్టాలని కలిపే చిన్న రేకు అతుకుల్ని నమ్ముకోకూడదు. మా ఊరి ఉప్పుగాలికి అవి నల్లబడతాయి. వెనక సొరంగంలో ఇంజను ప్రతిసారీ నీరసపడుతుంటే మీటరు పెట్టి చూశాను, ముందువైపు దాదాపు 12 ఉంటే అక్కడ 9. బల్ల కింద లావు తీగలు రెండు లాగి, నాలుగు చోట్ల పైకి సోల్డర్ చేశాను. ఇంక ఆగలేదు.

సొరంగం ముఖద్వారం దగ్గర ఆ పెన్సిలు గీత కనిపిస్తోందా? పొడవు పెట్టె వంపులో తిరిగేటప్పుడు మధ్యభాగం లోపలికీ కొసలు బయటికీ తోసుకొస్తాయి. పెట్టె మూలకి పెన్సిలు ముక్క కట్టి చేత్తో తోశాను. అది గీసిన గీతకి అవతలే గోడ కట్టాను.

దీపం తగ్గించనా? ఇటు చూడండి, ఎడమ సొరంగం వైపు. నాబ్ మెల్లిగా తిప్పుతున్నాను. ఘాట్‌లో బండి గంటకి 30 కిలోమీటర్లు అనుకుందాం. 160తో భాగిస్తే సెకనుకి 5 సెంటీమీటర్లు. ఈ రెండడుగులు దాటడానికి దాదాపు 12 సెకన్లు పట్టాలి. కొత్తవాళ్ళు అందరూ ఇక్కడే తొందరపడతారు. నాలుగు సెకన్లలో దూసుకుపోతే కొండా లోయా ఏదీ కంటికి ఆగదు.

వినండి. ముందు కొండలోపల చిన్న రొద. సొరంగం రాళ్ళ మీద పసుపు వెలుగు పాకింది. ఇదుగో ముఖం. ఇంజను పైభాగం నేను విజిటింగు కార్డులతో కట్టాను, కింది చక్రాలూ మోటారూ జపాను నుంచి వచ్చినవి. వ్యాగన్లు ఒకటి, రెండు, మూడు... వంతెన మీదికి ఎక్కగానే చప్పుడు మారింది, కింద బోలు కదా.

"ఏట్రా, ఇంకా పడుకోలేదా?" అమ్మ. మంచినీళ్ళ చెంబుతో వచ్చి, మిమ్మల్ని చూసి కొంగు సర్దుకుని, "కూర్చోండి బాబూ, లేవకండి" అంటూ తనూ వంగింది. బండి రెండో చుట్టు వచ్చింది. అమ్మ ప్లాట్‌ఫారం మీద ఉన్న రెండు బొమ్మల్ని చూపించింది.

"వీళ్ళెవరు?"

"తెల్ల బట్టలు స్టేషన్ మాస్టరు. పచ్చ జెండా పట్టుకున్నది నాన్న."

"ఇద్దరూ ఒక పక్కనుంటే ఎలా రా? మాస్టరు ఇటు, మీ నాన్న అటు. ఆగకుండా పోయే బండిని రెండు పక్కలా చూడాలి కదా. అటువైపు ఇరుసు వేడెక్కి పొగ వస్తుంటే ఎవరు చూస్తారు?"

పట్టకారుతో నాన్నని పీకాను. పాదాల కింద జిగురు తెల్లటి చుక్కలా వచ్చింది. మెయిన్ లైను అవతల, కొండ వైపు, అమ్మ వేలు పెట్టి చూపించిన చోట నిలబెట్టాను. ఇక్కణ్ణుంచి చూస్తే, బండి వచ్చినప్పుడు ఆయన కనపడరు. నాబ్ తిప్పాను. ఇంజను ఆయన్ని దాచేసింది. వ్యాగనుకీ వ్యాగనుకీ మధ్య సందులో ఒక్క క్షణం పచ్చటి చుక్క, మళ్ళీ ఎరుపు, మళ్ళీ పచ్చ. ఆరో వ్యాగను దాటాక ఆయన అక్కడే, జెండా చాపి.

అమ్మ ఏమీ అనలేదు. బండి సొరంగంలోకి పోయేదాకా చూసి, "ఆపు" అంది.

"ఏమైందమ్మా?"

"వెనక ఎల్‌వీ బోర్డు ఏది? ఆఖరి పెట్టె అదే అని ఎలా తెలుస్తుంది? సగం బండి ఘాట్‌లో తెగి ఉండిపోయిందేమో. అది కళ్ళారా చూడందే మాస్టరు వెనక స్టేషనుకి లైన్ క్లియర్ ఇవ్వరు."

ఆ డ్రాయరులో సన్న కత్తెర ఉంటుంది, అందుకోండి. రెండు మిల్లీమీటర్ల కాగితం ముక్క. రంగు వేయడానికి కుంచె పనికిరాదు, సూది మొన కావాలి. అమ్మ దీపం దగ్గరికి పట్టింది. ఆరో వ్యాగను వెనక కొక్కెం పైన అంటించి, ఆరేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. తర్వాత నాబ్ అమ్మ చేతికిచ్చాను.

తను నాకంటే నెమ్మదిగా తిప్పింది. లోపల రొద, రాళ్ళ మీద వెలుగు, ఇంజను, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. బోర్డు. దాని అవతల పచ్చ జెండా.

"బండి పూర్తిగా వచ్చింది" అంది అమ్మ.